ఒకే ఒక్క వ్యతిరేక ఓటు

ప్రశ్న: ఓటు హక్కు కోసం పోరాడి, చట్టసభకు ఎన్నికై, యుద్ధాన్ని ఎదిరించిన స్త్రీ ఎవరైనా ఉన్నారా?

జవాబు: ఉన్నారు. అమెరికాలోని మోంటానా రాష్ట్ర స్త్రీలకు 1914లో ఓటు హక్కు రావడానికి రాష్ట్రమంతా తిరిగి ప్రచారం చేసిన జెన్నెట్ రాంకిన్, దేశవ్యాప్తంగా ఆ హక్కు రావడానికి నాలుగేళ్ల ముందే, 1916లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి మహిళ. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగడాన్ని వ్యతిరేకించినప్పుడు మరో 49 మంది సభ్యులు ఆమెతో ఉన్నారు. 1941 డిసెంబరు 8న మాత్రం ఆమె ఒంటరి: జపాన్‌పై యుద్ధ ప్రకటనకు అనుకూలంగా 388 ఓట్లు, వ్యతిరేకంగా ఆమెది ఒక్కటే. ఆగ్రహించిన జనం చుట్టుముట్టడంతో టెలిఫోన్ బూత్‌లోకి వెళ్లి తలుపు వేసుకుని, పోలీసుల రక్షణలో కార్యాలయానికి చేరవలసి వచ్చింది. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. గాంధీజీని అభిమానించి భారతదేశానికి పలుమార్లు వచ్చిన ఆమె, 1968లో, 87 ఏళ్ల వయసులో, వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ వాషింగ్టన్‌లో వేలాది స్త్రీల ముందు నడిచారు.