సమాధానం: 3 రోజుల వాలబీ పిల్ల ప్లీహంలో లింఫోసైట్లు ఎందుకు కనబడటం లేదు?

పిల్ల ప్లీహం స్లైడులో లింఫోసైట్లు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) కనబడలేదనీ, అవి లేకుండా పిల్ల ఎలా బతుకుతోందనీ అడిగారు. ముందు స్టెయిన్‌ని (కణాలకు పట్టించే రంగుని) అనుమానించకండి. టమ్మర్ వాలబీలో (కంగారూ లాంటి చిన్న సంచి జంతువు) పుట్టిన 3వ రోజుకి ప్లీహంలో లింఫోసైట్లు ఉండవు, సుమారు 12వ రోజుకి గానీ కనబడవు. పుట్టినప్పుడు ఆ పిల్ల బరువు అర గ్రాముకూ లోపే. అప్పటికి రక్తకణాల తయారీ ఎక్కువగా కాలేయంలోనే జరుగుతుంది, కాబట్టి మీకు కనబడుతున్నవి చాలావరకు గ్రాన్యులోసైట్లు (ఇంకో రకం తెల్ల రక్తకణాలు), వాటి పూర్వకణాలే అయ్యుండాలి.

మీరు చూడాల్సింది మెడలోని థైమస్ (లింఫోసైట్లు ఎదిగే గ్రంథి). వాలబీలకు థైమస్ రెండు చోట్ల ఉంటుంది: మెడలో చర్మం కిందే ఒకటి, ఛాతీలో గుండె దగ్గర ఒకటి. (కోలాకి మెడలోది మాత్రమే, ఒపోసమ్‌కి ఛాతీలోది మాత్రమే. అందుకే ఏ అవయవం ఎప్పుడు ఎదుగుతుందో చెప్పే ఒక జాతి పట్టికను ఇంకో జాతికి వాడితే బోల్తా పడతాం.) మెడలోది ముందు ఎదుగుతుంది: సుమారు 2వ రోజుకే లింఫోసైట్లు, 21వ రోజుకల్లా కార్టెక్స్ (బయటి పొర), మెడుల్లా (లోపలి భాగం) విడివిడిగా, హాసల్ కణికలతో (ఎదిగిన థైమస్‌లో కనబడే గుండ్రటి కణాల గుంపులు) సహా. లింఫ్ గ్రంథుల్లో లింఫోసైట్లు దాదాపు 4వ రోజున మొదలవుతాయి. పేగు గోడలో అయితే 90 రోజుల దాకా ఆగాలి. చర్మం ఒలిచేటప్పుడు మెడ కొవ్వుతో పాటు థైమస్ కూడా ఊడొస్తుంది, జాగ్రత్త. తలను, మెడను విడదీయకుండా ఫిక్స్ చేసి (కణజాలం పాడవకుండా రసాయనంలో ఉంచి) వరుస సెక్షన్లు (పలుచని ముక్కలు) తీయండి.

లింఫోసైట్లకు రంగు పట్టించే యాంటీబాడీ విషయం: ఎలుక, మనిషి కణాల బయటి భాగాన్ని గుర్తించడానికి తయారైన యాంటీబాడీలు వాలబీ కణాలపై తరచూ పనిచేయవు. సీడీ3 (టీ లింఫోసైట్ల గుర్తు ప్రోటీన్), సీడీ79బీ (బీ లింఫోసైట్ల గుర్తు ప్రోటీన్)ల కణం లోపలి భాగంలో జాతులు మారినా పెద్దగా మారని పెప్టైడ్లపై (చిన్న ప్రోటీన్ ముక్కలపై) తయారైనవి తీసుకోండి. అదే బ్యాచ్‌లో పెద్ద వాలబీ లింఫ్ గ్రంథి స్లైడు ఒకటి పెట్టండి. అందులో రంగు పట్టి, పిల్లలో పట్టకపోతే అది నిజమైన ఫలితమే, పిల్లలో ఆ కణాలు లేవన్నమాట.

పిల్ల ఎలా బతుకుతోందన్నారు కదా, తల్లిపాలలోని యాంటీబాడీలు, సూక్ష్మజీవులను చంపే పెప్టైడ్లు అందులో పెద్ద ఆసరా.