కరివేపాకు చెట్టు దగ్గర మొదలుపెట్టమ్మా

అమ్మాయ్,

ఆశీస్సులు. ఆదివారాలు జనాన్ని నడిపిస్తూ జీవపరిణామం గురించి చెప్పాలనుకుంటున్నావని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. నువ్వు పంపిన ప్లాన్ చదివాను. డార్విన్, గాలపాగోస్ పిట్టల ముక్కులు, జిరాఫీ మెడ... అన్నీ బాగానే ఉన్నాయి కానీ, అందులో ఒక్కటీ మన హైదరాబాద్ కేబీఆర్ పార్కులో కనబడదు. కనబడనివి చెప్పడానికి క్లాసు రూము చాలు. దానికోసం ఆదివారం పూట జనాన్ని పొద్దున్నే నిద్ర లేపడం దేనికి?

నేను చెప్పేది ఒక్కటే. జాతుల పేర్లు చెప్పుకుంటూ పోవద్దు. ఒకే జాతిలో ఒకదానికీ ఇంకోదానికీ ఉన్న తేడాలు చూపించు. పరిణామమంతా ఆ తేడాల మీదే నడుస్తుంది. మామూలు నేచర్ వాక్‌లో "అదిగో ఫలానా పిట్ట" అనగానే తలా ఒక ఫోటో తీసుకుని ముందుకు సాగిపోతారు. నువ్వు అక్కడే ఆగాలి.

అసలు పార్కు కన్నా మీ కాలనీ మేలు. కేబీఆర్ జాతీయ పార్కు, అక్కడ ఆకు కూడా తుంచకూడదు. కాలనీలో కరివేపాకు, నిమ్మ, వేప, జిల్లేడు, నాలుగు బండరాళ్లు ఉంటాయి. అంతకన్నా ఏం కావాలి?

ముందు కరివేపాకు చెట్టు దగ్గరికి తీసుకెళ్లు. వానలు పడి కొత్త చిగుళ్లు వేశాక లేత ఆకుల మీద వెతికితే గుండుసూది తలంత పసుపు గుడ్లు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక పెట్టినవి. (నిమ్మ సీతాకోకచిలుక కూడా ఇదే చెట్టు మీద పెడుతుంది, చిన్నప్పుడు రెండింటి పురుగులూ దాదాపు ఒకేలా ఉంటాయి. కాబట్టి ఇదే అని పందెం కాయకు.) గుడ్డు పగిలి వచ్చిన గొంగళిపురుగు కాస్త పెరిగాక చూడు, అచ్చం పిట్టరెట్టే. ముదురు గోధుమరంగు, మధ్యలో తెల్ల మరక, పైన తడి మెరుపు. పిల్లలు "ఛీ" అని వెనక్కి జరుగుతారు. పిట్ట కూడా రెట్టే అనుకుని వదిలేస్తుంది. నాలుగుసార్లు కుబుసం విడిచేసరికి పురుగు ఒళ్లు రెట్ట సైజు దాటిపోతుంది, అప్పుడు ఆకుపచ్చగా మారుతుంది. గడ్డిపరకతో తల వెనక మెల్లగా తాకితే రెండు పాయల ఎర్ర కొమ్ము బయటికి తోసి ఘాటు వాసన వదులుతుంది. ఒక్కసారి చూపిస్తే చాలు. ప్రతివాడూ పొడిచి చూస్తానంటే ఒప్పుకోకు.

ఇక్కడ నోరు జారే చోటు ఒకటుంది. "ఎంత తెలివైన పురుగో చూడండి, పిట్టను మోసం చెయ్యడానికి వేషం వేసింది" అని అనేస్తాం. వినడానికి బాగుంటుంది, కానీ పాఠం మొత్తం పాడవుతుంది. పురుగుకు ఏమీ తెలియదు. ఎప్పుడో కాస్త రెట్టలా ఉన్న పురుగు పిట్ట కంటబడినా బతికింది, అలా లేనిది దాని నోట్లో పడింది. బతికినవాటి పోలికే పిల్లలకు వచ్చింది. తరాల తరబడి ఇదే జరిగింది. ఇంతకు మించి ఒక్క ముక్క కూడా కలపకు.

ఆ తర్వాత రెక్కలొచ్చిన సీతాకోకచిలుకల కోసం ఎండెక్కే దాకా ఆగు. పక్షులు చూసేవాళ్లలా ఆరింటికే బయల్దేరితే సీతాకోకచిలుకలు కనబడవు, ఒళ్లు వేడెక్కితే గాని అవి ఎగరవు. చలికాలంలో ఎనిమిది తర్వాతే మొదలుపెట్టు. మగ మార్మన్ నల్లగా, వెనక రెక్కల మీద తెల్ల మచ్చల వరసతో ఉంటుంది. ఆడవాటిలో కొన్ని మగదానిలాగే ఉంటాయి, కొన్నింటికి మాత్రం తెల్ల మచ్చలతోపాటు ఎర్ర మచ్చలు. ఆ వేషం కామన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుకది. అది గొంగళిపురుగుగా ఉన్నప్పుడు ఈశ్వరి తీగ ఆకులు తిని, వాటి విషం ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ దాని జోలికి పోదు. మార్మన్‌కు ఆ విషం లేదు, రంగు మాత్రం ఉంది. రెండూ ఒకే చోట ఎగురుతుంటే పోల్చుకోవడం ఎలా అంటే, రెక్కలు కాదు, ఒళ్లు చూడాలి. రోజ్ ఒళ్లు ఎర్రగా ఉంటుంది, మార్మన్‌ది నల్లగా.

ఎవరో ఒకరు అడగాలి, అడక్కపోతే నువ్వే అడుగు: అంత లాభం ఉంటే ఆడవన్నీ ఆ వేషంలోనే ఎందుకు లేవు? వేషగాళ్లు ఎక్కువైతే పిట్టకు ఎర్ర మచ్చల సీతాకోకచిలుక చాలాసార్లు రుచిగానే తగులుతుంది, భయం పోతుంది. వెంటనే జవాబు చెప్పెయ్యకు, రెండు నిమిషాలు వాళ్లలో వాళ్లను వాదించుకోనీ. ఇలాంటి అనుకరణను అమెజాన్ అడవుల్లో పదకొండేళ్లు గడిపి వచ్చిన హెన్రీ బేట్స్ 1862లో వివరించాడు. మార్మన్ ఆడవాటి వేషం వెనక డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక్క జన్యువు ఉందని కృష్ణమేఘ్ కుంటే బృందం 2014లో తేల్చింది. ఆయన బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేస్తారు. ఇది పాత ఇంగ్లీషు దొరల కథ కాదని, ఇప్పటికీ జరుగుతున్న పని అని పిల్లలకు తెలియాలి.

రెండో మజిలీ వేపచెట్టు కింద. జూలైలో పండ్లు రాలి మొలకలొస్తాయి. గజం చోటు తాడుతో చదరంగా కట్టి, మొలకలు లెక్కపెట్టించి, ప్రతిదాని పక్కన ఐస్‌క్రీం పుల్ల గుచ్చండి. రెండు నెలల తర్వాత మళ్లీ అదే జనాన్ని తీసుకురా. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏది ఎందుకు పోయిందో వాళ్లనే చెప్పమను. ఎవరి చెప్పు కిందో నలిగినదానికి గుణంతో పని లేదు, అది ఉత్త అదృష్టం. అదీ పరిణామంలో భాగమేనని చెప్పు, చాలామంది ఈ ముక్క వదిలేస్తారు.

బండరాయి దగ్గర ఎక్కువసేపు వద్దు. చెయ్యి పెట్టించి, ఇది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి అని చెప్పు, చాలు. ఇందులో శిలాజాలుంటాయా అంటే ఉండవు, కరిగిన పదార్థం చల్లారి గట్టిపడిన రాయి ఇది. ఎముకలు చూస్తామంటే బిర్లా సైన్స్ మ్యూజియానికి పంపించు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ అక్కడ నిలబడి ఉంది. 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు.

ఇక ప్రశ్నలు. "కోతి నుంచి మనిషి వస్తే కోతులు ఇంకా ఎందుకున్నాయి సార్?" అన్నది తప్పకుండా వస్తుంది. నీకు మాత్రం "మేడమ్" అని వస్తుంది, అంతే తేడా. నవ్వకు. నువ్వు పుట్టావని మీ పెదనాన్న పిల్లలు మాయమైపోయారా అని అడుగు. తాత ఒక్కడే, శాఖలు రెండు. మనకూ మన దేశపు కోతులకూ ఉమ్మడి తాత రెండున్నర, మూడు కోట్ల ఏళ్ల కిందటివాడు.

ఇంకో పెద్దాయన లేచి మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం అని వరసగా చెప్పి, "ఇదంతా మనవాళ్లకు ముందే తెలుసమ్మా" అంటారు. ఆయన నమ్మకంతో వాదానికి దిగకు, అలాగని తలూపి ఒప్పుకోకు కూడా. అవతారాల్లో దేవుడు ఒక్కో పనికి ఒక్కో రూపంలో దిగి వస్తాడు, తాబేలు వంశంలో వరాహం పుట్టదు. పరిణామంలో మెట్లు లేవు. చెరువులో ఉన్న చేప మన వెనక మిగిలిపోయింది కాదు, ఉమ్మడి పూర్వీకుల నుంచి దానికీ మనకూ సరిగ్గా అంతే కాలం గడిచింది. ఇంతవరకు చెప్పి నమస్కారం పెట్టు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామం పాఠం తీసేసింది. పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు వద్దని లేఖ రాశారు. ఆ పుస్తకాలు చదివి ఇంటర్‌లో బైపీసీ తీసుకోని పిల్లవాడికి ఈ సంగతి చెప్పే మనిషి నువ్వు ఒక్కదానివే కావచ్చు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

గుంపు పదిహేను మందికి మించనివ్వకు. రెండు గంటల్లో మూడు వందల మీటర్లు నడిస్తే బాగా నడిపించినట్టే. నలుగురికో భూతద్దం చూసుకో, పది రెట్లు పెద్దగా చూపించేది. చెట్టు ఎవరి ఇంటి ముందుంటే వాళ్లను ముందురోజే అడుగు, ఆ ఇంటావిడనూ నడకకు పిలువు, లేకపోతే పురుగులున్నాయని రాత్రికి రాత్రే మందు కొట్టేస్తుంది.

వేప మొలకలు రెండోసారి లెక్కపెట్టే రోజు ఏదో కబురు పెట్టు, నేనూ వస్తాను. వెనక నిలబడతాను గాని, మైకు మాత్రం నా చేతికివ్వకు.

మీ మాస్టారు