కాఫీ యంత్రం కొన్న చిన్నపాపకు

చిరంజీవి చిన్నపాపకు పెదనాయన ఆశీర్వదించి వ్రాయునది.

ఒక పక్క గాజు కూజాలోకి కాఫీ దిగేది, మరో పక్క ఆవిరితో ఎస్ప్రెస్సో అనే చిక్కటి కాఫీ వచ్చేది, రెండూ కలిసిన యంత్రాన్ని నీ జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో కొన్నావని మీ నాయన ఫోనులో చెప్పినాడు. కడపలో కాఫీ హోటలు మీద బతికిన కుటుంబం మనది. ఆ ఇంటి ఆడపిల్ల తన సంపాదనతో, తన ఇష్టం కొద్దీ కాఫీ యంత్రం కొనుక్కున్నదంటే నాకెంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను. అయితే మీ అనంతపురం ఇంట్లో వాడేది బోరు నీళ్ళని గుర్తుకు వచ్చినప్పటి నుండి మనసు కుదురుగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గుకే యంత్రాన్ని తగిలించు, ఎక్స్‌టెన్షన్ పెట్టె వాడవద్దు. వేడి కూజాను తడిసిన బండ మీద పెట్టవద్దు. కూజాలోని కాఫీని వేడి పలక మీద అరగంటకు మించి ఉంచితే చేదెక్కుతుంది.

ఇక ఎస్ప్రెస్సో పక్క సంగతి. వెల తక్కువైన ఇటువంటి యంత్రాల్లో పంపు ఉండదు. చిన్న బాయిలరులో నీరు మరిగి, ఆ ఆవిరే వేడినీటిని పొడి గుండా నెడుతుంది. 1901లో ఇటలీలోని మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా పేటెంటు పుచ్చుకున్న యంత్రం కూడా ఆవిరి ఒత్తిడితోనే పనిచేసేది. చేత్తో లీవరు లాగి ఒత్తిడి పెంచే గజ్జియా యంత్రాలు రెండవ ప్రపంచయుద్ధం తరువాత వచ్చినాకే ఒత్తిడి పెరిగి, కప్పు మీద చిక్కటి నురగ నిలిచింది. అసలైన ఎస్ప్రెస్సోకు 9 బార్ల ఒత్తిడి కావాలి (ఒక బారు అంటే సుమారుగా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత), నీ యంత్రం ఇచ్చేది మూడు, మూడున్నర బార్లు. కనుక పెద్ద కాఫీ షాపుల్లోని నురగ రాలేదని బాధపడకు. పాలు కలుపుకొని తాగే మనకు ఆ చిక్కటి డికాషనే చాలు.

పొడి విషయంలో మాత్రం జాగ్రత్త. మన అంగళ్ళలో అమ్మే ఫిల్టరు పొడిలో చాలావరకు చికోరీ అనే వేరు పొడి కలిసి ఉంటుంది. చట్టం ప్రకారం అందులో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే మిగిలిన సగమంతా చికోరీ కావచ్చు. అది నీళ్ళు తగలగానే ఉబ్బి జిగురెక్కి, జల్లెడ రంధ్రాలను మూసివేస్తుంది. అరకుదో చిక్కమగళూరుదో చికోరీ లేని పొడి తెప్పించుకో. పొడిని స్పూనుతో సమంగా సర్దితే చాలు, అదిమి నొక్కవద్దు. నీళ్ళకు దారి దొరకకపోతే ఒత్తిడంతా బాయిలరులోనే నిలిచిపోతుంది.

ఆ నిలిచిపోయిన ఒత్తిడి గురించే నా భయమంతా. మీ నాయన ఎడమ ముంజేతి మీద ఉన్న తెల్లని మచ్చ వడల నూనె చింది పడిందని నీకు చిన్నప్పుడు చెప్పినారు. నిజం అది కాదు. మన హోటలుకు ఇటువంటిదే ఒక ఆవిరి యంత్రాన్ని పాతది కొన్నాము. దానికి పెరటి బోరు నీళ్ళే పోసేవాళ్ళం. ఒకనాటి సాయంకాలం గిరాకీ ఎక్కువగా ఉన్నప్పుడు పాలు కాచే గొట్టంలో నుండి ఆవిరి రావడం మానింది. మీ నాయన పిడి తిప్పి చూసి, శబ్దమేమీ లేకపోవడంతో బాయిలరులో నీళ్ళు అయిపోయినాయనుకొని, గుడ్డ చుట్టి బలంగా మూత తిప్పినాడు. ఒత్తిడిలో ఉన్న నీరు నూరు డిగ్రీలు దాటి వేడెక్కి ఉంటుంది, మూత వదులైన క్షణంలోనే అందులో కొంత ఆవిరిగా మారి ఎగదన్నుతుంది. ముఖం పక్కకు ఉండబట్టి కళ్ళు దక్కినాయి, చెయ్యి మాత్రం కాలింది. మరునాడు నేను ఆ గొట్టాన్ని కోయించి చూస్తే, లోపల చుట్టూ బోరు నీళ్ళలోని సున్నం పెచ్చులా గట్టిగా పేరుకొని, నడుమ సూది దూరేంత సందు కూడా సరిగా మిగలలేదు. బాయిలరులో నీళ్ళూ ఉన్నాయి, ఆవిరీ ఉంది, దానికి బయటికి దారే లేదు. ఆ పూట వాడు ఏడవలేదు, గిరాకీ పోతుందనే దిగులు పడినాడు. మీ నాయనను ఇప్పుడు దాని గురించి అడిగి నొప్పించవద్దు.

కనుక చిన్నపాపా, ఇది బాగా గుర్తుంచుకో. మూత తీయాలన్నా, పొడి గిన్నె పిడి ఊడదీయాలన్నా ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆవిరి పిడిని తెరిచి, గొట్టం కొసను ఖాళీ గ్లాసులో ఉంచి ఆవిరంతా పోనివ్వు. ఆవిరి రాకపోతే లోపల ఏమీ లేదని అనుకోవద్దు. గంటసేపు వదిలేసి, బాయిలరు చల్లారినాక చూడు. ఒత్తిడి లేని మూత రెండు వేళ్ళతో వదులవుతుంది. బిగిసి ఉంటే పట్టకారు తెచ్చావా, నేను వచ్చి తిడతాను. చిన్నప్పటి నుండి నీకు తొందర ఎక్కువ, అది తెలిసే ఇంత కఠినంగా చెబుతున్నాను.

ఆ పెచ్చు పేరుకోకుండా చూసుకునే పని నీ చేతిలోనే ఉంది. బోరు నీళ్ళను యంత్రంలో ఒక్క చుక్క కూడా పోయవద్దు, ఆర్వో నీళ్ళు వాడు. అయినా నెలకొకసారి అర లీటరు నీళ్ళలో ఒక స్పూను నిమ్మ ఉప్పు కలిపి, రెండు పక్కలా సగం చొప్పున దింపి, కొంతసేపు నాననిచ్చి, మంచినీళ్ళతో రెండు మూడు సార్లు కడుగు. పాలు కాచిన ప్రతిసారీ గొట్టాన్ని పాలలో నుండి బయటికి తీసి, ఒక్క క్షణం ఆవిరి వదిలి, తడి గుడ్డతో తుడువు. పాలలో ఉంచే పిడి మూస్తే, చల్లారే బాయిలరు ఆ పాలను లోపలికి పీల్చుకొని, అవి అక్కడే ఎండి దారి మూస్తాయి.

పెట్టె విప్పగానే బాయిలరు మూత లోపల రబ్బరు రింగు సరిగా కూర్చొని ఉందో లేదో చూసి, నాకు ఫోను చెయ్యి. నిమ్మ ఉప్పు పొట్లం మీ నాయనతో పంపుతున్నాను. మొదటిసారి వచ్చే కాఫీ తాగవద్దు, ఆ నీళ్ళు పారబొయ్యి. రెండవది మీ అమ్మకు ఇయ్యి.

ఇట్లు,
పెదనాయన, కడప