మేక పేగు ముక్క పుట్రెసిన్‌కి వదులు కాకపోవడానికి కారణం

పుట్రెసిన్ (కణాల్లో సహజంగా ఉండే, ధనావేశమున్న చిన్న అణువు) వేసినా మేక పేగు ముక్క ఎందుకు వదులు కాలేదని అడిగారు. వేసి రెండు నిమిషాలకే కడిగేశానన్నారు కదా, లోపం అక్కడే ఉండొచ్చు. కావలి నుంచి తెచ్చిన ఆ ముక్క అసిటైల్‌కోలిన్‌కి (పేగు కండరాన్ని ముడుచుకునేలా చేసే నాడీ రసాయనం) బాగానే ముడుచుకుందంటే కండరం బతికే ఉంది.

1. పుట్రెసిన్ బదులు అదే కుటుంబానికి చెందిన స్పెర్మిన్ వాడండి. పుట్రెసిన్‌కి రెండు ధనావేశాలు, స్పెర్మిడిన్‌కి మూడు, స్పెర్మిన్‌కి నాలుగు. ఆవేశం పెరిగేకొద్దీ ప్రభావం పెరుగుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆగడం. ఇంత ఆవేశమున్న అణువు కణపొరలోంచి తేలిగ్గా దూరలేదు. బయటినుంచి, కండరం ముడుచుకోవడానికి కావలసిన కాల్షియం లోపలికి వచ్చే దారుల్ని కొంత అడ్డుకుంటుంది. లోపలికి చేరడానికి మాత్రం సమయం పడుతుంది. అందుకే కడగకుండా అరగంట ఉంచి, ఆ తర్వాత మళ్లీ అసిటైల్‌కోలిన్ ఇచ్చి చూడండి. పక్కనే మందు వేయని ముక్క ఒకటి తప్పకుండా పెట్టుకోండి. కండరం తనంతట తానే అలిసిపోతే అదీ వదులైనట్టే కనిపిస్తుంది. నేను ఇలాగే ఒక వారం పోగొట్టుకున్నాను.

3. స్పెర్మిన్ బేస్ రూపంలో ఉంటే బాగా క్షారం. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 7.4కి తెచ్చాకే బాత్‌లో (ముక్కను వేలాడదీసే ద్రావణపు గిన్నెలో) వేయండి.

ముక్కను నెల్లూరు ఎండలో తెచ్చేటప్పుడు చల్లని క్రెబ్స్ ద్రావణంలోనే (కండరాన్ని బతికించి ఉంచే లవణ ద్రావణం) ఉంచండి.