చిన్నోడికి బాబాయి లేఖ: బెంగళూరు బీరు ఎలా తాగాలంటే

చిరంజీవి చిన్నోడికి, బాబాయి ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, "ఆఫీసులో అందరూ క్రాఫ్ట్ బీరు అంటున్నారు, మెనూ చూస్తే ఒక్క పేరూ అర్థం కాలేదు, ఏది తాగాలి బాబాయ్" అని. రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నాను. కర్ణాటకలో 21 నిండితేనే పోస్తారు. నీకు 24 వచ్చాయి కాబట్టి ఈ సంగతులు నీతో మాట్లాడటానికి నాకు మొహమాటం లేదు. అన్నయ్యకు కూడా చెప్పే రాస్తున్నాను.

అన్నయ్య ఉద్యోగం కోసం అనంతపురం వెళ్ళిపోయాడు గానీ నేను పుట్టిన ఊరు వదల్లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, ఇదే నా రాష్ట్రం. ఇక్కడ తయారయ్యే బీరంటే నాకు చాలా ఇష్టం. దాన్ని నువ్వు తొందరపడి తాగేసి, ఇంతేనా అనుకుంటే నాకు బాధ.

తాతయ్య ఈతకల్లు గురించి చెప్పేది గుర్తుందా? పొద్దున చెట్టు మీంచి దించినప్పుడు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి నోట్లో పెట్టలేం. బీరు అంత త్వరగా పాడవదు గానీ, దాని ప్రాణం కూడా తాజాదనంలోనే ఉంది. నీకు అలవాటైన సీసా బీరు నెలల తరబడి నిలవ ఉండాలి కాబట్టి వడగట్టి, వేడి చేసి సీసాకెత్తుతారు. క్రాఫ్ట్ బీరు, అంటే అక్కడికక్కడే కొద్దికొద్దిగా తయారుచేసి పోసే బీరు, దొరికే మైక్రోబ్రూవరీల్లో చాలావరకు ఆ పని చేయరు. గాజు గోడ వెనక కనిపించే ఆ స్టీలు ట్యాంకుల్లో పులిసిన బీరే నీ గ్లాసులోకి వస్తుంది. అందుకని ఎక్కడికెళ్ళినా ముందు అడగాల్సింది "ఏది బాగుంటుంది" అని కాదు, "ఈ వారం కొత్తగా ట్యాప్ మీదికి ఏది వచ్చింది" అని.

మొదటిసారి హెఫెవైజెన్ తీసుకో. జర్మనీ పద్ధతి గోధుమ బీరు అది. మాల్టులో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజల్లో, సగమైనా గోధుమ ఉంటుంది. మబ్బుగా కనిపిస్తుంది, పాడైందనుకోకు, ఆ మబ్బు గోధుమదీ ఈస్ట్‌దీ. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే పండిన అరటిపండు, వెనకే కాస్త లవంగం వాసన. అందులో అరటిపండూ లేదు, లవంగమూ లేదు. పులిసేటప్పుడు ఆ జాతి ఈస్ట్ పుట్టించే వాసనలవి. ఇడ్లీ పిండి పులిస్తే వచ్చే కమ్మని వాసన మనం వేసింది కాదు కదా, ఇదీ అంతే. మొదటిసారి ఆ అరటిపండు వాసన పట్టుకున్న రోజు నాకింకా గుర్తుంది. అప్పటిదాకా బీరంటే చల్లగా, చేదుగా గొంతు దిగేదనే అనుకునేవాణ్ణి.

ఇందిరానగర్ వంద అడుగుల రోడ్డులో టాయిట్ అనే మైక్రోబ్రూవరీ ఉంది, 2010లో పెట్టారు. వాళ్ళ టాయిట్ వైస్ హెఫెవైజెనే. నాకు అంతకంటే ఇష్టమైనది టిన్‌టిన్ టాయిట్, బెల్జియం పద్ధతి గోధుమ బీరు, దాన్ని విట్ అంటారు. ఈ రకం బీరులో నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. ఒక గుక్క పట్టుకుని ఆగు, మీ అమ్మ చారుకి ధనియాలు నూరినప్పటి వాసన దూరంగా తగులుతుంది. బాస్మతి బ్లాండ్ కూడా అక్కడిదే, పేరులో ఉన్నట్టే బాస్మతి బియ్యంతో చేస్తారు. ఎండాకాలం మధ్యాహ్నానికి అంత తేలికైనది ఇంకోటి లేదు. శనివారం రాత్రి మాత్రం వెళ్ళకు. నిలబడటానికే చోటుండదు, వాసన చూసే తీరిక అసలుండదు.

మెగ్రాత్ రోడ్డులో ఆర్బర్ ఉంది, అమెరికాలో మిషిగన్ నుంచి వచ్చిన పేరు. రేజింగ్ ఎలిఫెంట్ అనే ఐపీఏ వాళ్ళదే. ఐపీఏ అంటే హాప్స్ అనే చేదు పూలు ఎక్కువ వేసిన బీరు, చేదు గట్టిగా ఉంటుంది. నాలుగో అయిదో సార్లు వెళ్ళాక తాగు, మొదటే వద్దు. కాకరకాయ కూర చిన్నప్పుడు ఎవరికి నచ్చుతుంది చెప్పు? ఇంకో మాట, ఐపీఏతో ఆంధ్రా కారం చికెన్ తినకు. ఆ చేదు కారాన్ని రెచ్చగొట్టి నోరు మండిస్తుంది. కారానికి గోధుమ బీరు జత.

నీ పీజీకి దగ్గర వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ ఉంది. పుస్తకాల అరలు, జాజ్ కచేరీలు, నిమ్మళంగా కూర్చునే చోటు. స్టౌట్ రుచి చూడాలంటే ఇలాంటి చోటే చూడు. బాగా వేయించిన బార్లీతో చేస్తారు కాబట్టి నల్లగా ఉంటుంది, కాఫీ వాసన వస్తుంది. గ్లాసు రాగానే తాగేయకు, పది నిమిషాలు పక్కన పెట్టు. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి ఏ రుచీ తెలీదు. అందుకే ఏ బీరుకైనా మంచుపట్టిన గ్లాసు ఇస్తే వద్దని మామూలు గ్లాసు అడుగు.

రాగి బీరు, వేసవిలో మామిడి బీరు కూడా అప్పుడప్పుడు పెడుతుంటారు. కనబడితే వదలకు. సంగటి తిని పెరిగినవాడివి, రాగి రుచి నీకు తెలిసినంతగా పక్క టేబుల్ వాళ్ళకు తెలీదు.

ఎక్కడైనా ముందు చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు కలిపిచ్చే శాంపిలర్ తీసుకో. లేతరంగు నుంచి నలుపు వైపు వెళ్ళు, మధ్యమధ్య మంచినీళ్ళు తాగు. బాగాలేకపోతే నోరు విప్పి చెప్పు. ఒకచోట నాకిచ్చిన బీరు వెన్న కాచినట్టు వాసనొచ్చింది. పులియడం పూర్తిగా అవ్వకముందే తీసిన బీరుకి ఆ వాసన ఉంటుంది. నేను మొహమాటపడి మొత్తం తాగాను, మర్నాడంతా మనసు పాడైంది. నువ్వు అలా చేయకు. మర్యాదగా అడిగితే చాలాచోట్ల మార్చి ఇస్తారు.

ఇక బండి. ఒక్క గ్లాసైనా సరే, బండి ఇంట్లోనే ఉండాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే, మొదటిసారికే పదివేల జరిమానా, జైలు కూడా పడొచ్చు. మెట్రో ఉంది, ఆటోలున్నాయి. ఈ విషయంలో మాత్రం నేను బాబాయిలా కాదు, మీ నాన్నలా మాట్లాడతాను.

వచ్చే బుధవారం నీకు సెలవన్నావు. మధ్యాహ్నం రెండింటికి ఇందిరానగర్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాను. ఖాళీ కడుపుతో రావద్దు, పిన్ని నీకోసం చిత్రాన్నం చేస్తానంది, ముందు ఇంటికొచ్చి తిని వెళ్దామన్నా సరే, ఫోన్ చెయ్యి.

మీ బాబాయి