తూటా గాయమా, వైద్యుల వేళ్లా?

ప్రశ్న: పైథాగరస్ సిద్ధాంతానికి సొంతంగా నిరూపణ ఇచ్చిన ఒక అమెరికా అధ్యక్షుడు హత్యకు గురయ్యారని మా లెక్కల మాస్టారు చెప్పారు. ఆయన ప్రాణం తీసింది తూటా కాదు, వైద్యులేనని మరోచోట చదివాను. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ మాస్టారు చెప్పింది నిజం, మీరు చదివింది చాలావరకు నిజం. ఆయన పేరు జేమ్స్ గార్‌ఫీల్డ్. 1831లో ఒహాయోలో దుంగలతో కట్టిన ఇంట్లో పుట్టి, రెండేళ్లు నిండకముందే తండ్రిని పోగొట్టుకుని, కాలువ పడవలను లాగే కంచర గాడిదలను తోలి, ఆపైన చదువుకుని ఉపాధ్యాయుడై, అంతర్యుద్ధంలో మేజర్ జనరల్ దాకా ఎదిగారు. సమలంబ చతుర్భుజాన్ని మూడు లంబకోణ త్రిభుజాలుగా విడగొట్టి, దాని వైశాల్యాన్ని రెండు విధాలుగా లెక్కకట్టే ఆ నిరూపణ 1876లో, ఆయన కాంగ్రెస్ సభ్యుడిగా ఉండగా అచ్చయింది. చట్టసభ సభ్యుల తీరిక ఇలా కూడా గడిచేదన్నమాట!

1881 మార్చి 4న అధ్యక్షుడయ్యారు. జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో చార్లెస్ గిటో అనేవాడు వెనుక నుంచి రెండుసార్లు కాల్చాడు. ఒక తూటా చేతిని రాసుకుంటూ పోగా, రెండోది వీపులోంచి దూరి, నడుము దగ్గరి వెన్నుపూసను తొలుచుకుని, వెన్నుపాముకు మాత్రం తగలకుండా క్లోమం సమీపంలో ఆగిపోయింది.

స్టేషన్‌లో మొదలుకొని ఎందరో వైద్యులు శుభ్రం చేయని వేళ్లను, పరికరాలను ఆ గాయంలోకి దూర్చి తూటా కోసం వెతికారు. క్రిములను చంపే మందులతో గాయాలకు చికిత్స చేయాలని బ్రిటిష్ వైద్యుడు లిస్టర్ అప్పటికి ఐదేళ్ల కిందటే ఫిలడెల్ఫియాకు వచ్చి చెప్పి వెళ్లినా, అమెరికా వైద్యుల్లో చాలామందికి అది ఇంకా నమ్మకం కుదరని మాట. ప్రధాన వైద్యుడు విలార్డ్ బ్లిస్ తూటా కుడివైపే ఉందని పట్టుబట్టారు. టెలిఫోన్ సృష్టికర్త గ్రాహంబెల్ లోహాన్ని గుర్తించే యంత్రాన్ని తెచ్చినా, బ్లిస్ వెతకనిచ్చింది కుడివైపే. పైగా పరుపులోని ఇనుప స్ప్రింగులు యంత్రాన్ని తికమక పెట్టాయి. ఒళ్లంతా చీము పట్టి, తిన్నది ఇమడక, సుమారు 95 కిలోల మనిషి 60 కిలోలకు చిక్కిపోయారు. సముద్రపు గాలికి కుదుటపడతారేమోనన్న ఆశతో న్యూజెర్సీ తీరానికి తరలిస్తూ, బస చేయబోయే ఇంటి గుమ్మం వరకు రైలు పట్టాలు వేశారు. సెప్టెంబర్ 19 రాత్రి అక్కడే కన్నుమూశారు.

శవపరీక్షలో తూటా ఎడమవైపు, చుట్టూ కండ పొర కట్టి, కదలక మెదలక కనిపించింది. దాన్ని అలా వదిలేసి ఉంటే ఆయన బతికేవారన్నది నేటి వైద్యుల్లో చాలామంది అభిప్రాయం. అయితే చివరి క్షణాల్లో ప్లీహానికి రక్తం తీసుకెళ్లే ధమని పగిలి లోపల రక్తస్రావమైంది కనుక తూటాను పూర్తిగా నిర్దోషిగా వదిలేయలేం. అందుకే ‘చాలావరకు’ అన్నాను.

ప్రశ్న: మరి హంతకుడికి అధ్యక్షుడి మీద అంత పగ ఎందుకు?
– ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఉద్యోగం రాలేదని! ఎన్నికలప్పుడు తాను రాసిన ఒక ప్రసంగం వల్లే గార్‌ఫీల్డ్ గెలిచారని నమ్మి, ప్రతిఫలంగా పారిస్‌లో కాన్సుల్ పదవి అడిగాడు. ఎవరూ పట్టించుకోకపోయేసరికి, అధ్యక్షుణ్ణి తొలగించమని దేవుడే తనను ఆదేశించాడన్నాడు. చంపింది వైద్యులని, తాను కాల్చానంతేనని విచారణలో వాదించాడు. వైద్యం దృష్టితో చూస్తే అందులో కొంత నిజం ఉన్నా, ప్రాణాంతకమైన గాయం చేసినవాడికి తర్వాతి చికిత్సలోని లోపం రక్షణ కాదని మీకు వేరే చెప్పనక్కర్లేదు. మతి చలించిందన్న వాదననూ జ్యూరీ ఒప్పుకోలేదు. 1882 జూన్ 30న ఉరి తీశారు. పార్టీకి పనిచేసినవారికి ప్రభుత్వ కొలువులు పంచిపెట్టే పద్ధతిపై ఈ హత్యతో జనాగ్రహం పెరిగి, కొన్ని ఉద్యోగాలకు పరీక్ష పెట్టే పెండిల్టన్ చట్టం 1883 జనవరిలో వచ్చింది.