వంటింటి సందేహాలు: పంది మాంసం పీచులుగా విడాలంటే...

ప్ర: ఇద్దరం ఉద్యోగాలకు పోయేవాళ్లం. ఇంటికొచ్చేసరికి ఏడవుతుంది. స్లో కుక్కర్‌లో (సన్న వేడి మీద గంటల తరబడి వండే కరెంటు కుక్కర్) పుల్డ్ పోర్క్ (మెత్తగా ఉడికించి పీచులుగా చీల్చిన పంది మాంసం) పొద్దున పెట్టి, రాత్రి తినేలా చేసుకోవడం ఎలా?
– పాఠకురాలు, కడప

జ: సగం పని మాంసం కొనే చోటే అయిపోతుంది. ముందు జబ్బ అడగండి. కండల మధ్య కొవ్వు, జిగురు పొరలు ఉండేది అక్కడే. గంటల తరబడి సన్న వేడి మీద ఆ పొరలు కరిగితేనే కండ పీచులుగా విడిపోతుంది. వీపు కండ చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ ఈ వంటకు పనికిరాదు, ఎండిన పొట్టులా అవుతుంది.

తోలు, ఎముక తీసేసిన జబ్బ కిలోంపావు తీసుకుని నాలుగు పెద్ద ముక్కలు చేయించండి. కూరకు కొట్టినట్టు చిన్నవి వద్దు. రాత్రే రెండున్నర టీస్పూన్ల ఉప్పు, రెండేసి టీస్పూన్ల కారం, ధనియాల పొడి, ఒక్కో టీస్పూన్ మిరియాల పొడి, జీలకర్ర పొడి, టేబుల్‌స్పూన్ అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి, వేరే గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టండి. కుక్కర్ మట్టికుండలోనే పెట్టేస్తే పొద్దున అది వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. చల్లటి కుండకు ఒక్కసారిగా వేడి తగిలితే బీట వారొచ్చు కూడా.

పొద్దున కుండ అడుగున రెండు ఉల్లిపాయలు చక్రాలుగా కోసి పరిచి, వాటి మీద మాంసం పెట్టి, అర కప్పు నీళ్లు మాత్రం పోయండి. ఉల్లి, మాంసం వదిలే నీరే బోలెడు. కుక్కర్‌ను ‘లో’ (తక్కువ వేడి) మీద 8 నుంచి 9 గంటలు ఉంచండి. మధ్యలో మూత తీయొద్దు. తీసిన ప్రతిసారీ ఆవిరి పోయి, వంట ఇరవై నిమిషాలో అరగంటో వెనకబడుతుంది.

సాయంత్రం ముక్కలు పళ్లెంలోకి తీసి రెండు ఫోర్కులతో చీల్చండి. రసం మీద తేలిన కొవ్వును గరిటెతో తీసేసి, మిగిలింది వెడల్పాటి బాండ్లీలో పోసి, నిమ్మకాయంత చింతపండు గుజ్జు, రెండు టేబుల్‌స్పూన్ల బెల్లం వేసి పెద్ద మంట మీద పది, పన్నెండు నిమిషాలు మరిగించండి. గరిటెకు అంటుకునేంత చిక్కబడ్డాక మాంసం కలపండి. పులుపు పొద్దున్నే వేస్తే సాయంత్రానికి దాని పదును చస్తుంది. అమెరికాలో నార్త్ కరోలినా తూర్పు ప్రాంతంవాళ్లు టమాటా లేకుండా వెనిగర్, మిరపతోనే దీన్ని తింటారు. మన నాలుకకు ఆ పద్ధతే దగ్గర. సీసాల్లో అమ్మే బార్బెక్యూ సాస్ చాలావరకు తీపి పాకమే. బన్ను దొరక్కపోతే వేడి జొన్నరొట్టె, పక్కన పచ్చి ఉల్లిపాయ ఉంటే చాలు.

ప్ర: ఏడు గంటలు పెట్టినా ముక్క గట్టిగానే ఉంది, ఫోర్కుకు చీలలేదు. ఎక్కువ ఉడికి గట్టిపడిందా?
– పాఠకుడు, ఆదోని

జ: కాదు, ఇంకా ఉడకాలి. 71 డిగ్రీల సెల్సియస్‌కే పంది మాంసం తినడానికి భద్రం, కానీ చీలడానికి ముక్క నడిమధ్యన 92 నుంచి 95 డిగ్రీలు రావాలి. ఈ రెంటి మధ్యనే అది మొండిగా కనిపిస్తుంది, చాలామంది అక్కడే దింపేస్తారు. మూత పెట్టి ఇంకో గంట వదలండి. ఫోర్కు గుచ్చి తిప్పితే బలం పెట్టకుండా తిరిగిందంటే అయినట్టే. ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన ముక్కను నేరుగా కుక్కర్‌లో వేయొద్దు. లోపల చాలాసేపు గోరువెచ్చగానే ఉండి క్రిములు పెరుగుతాయి.

ప్ర: మా అమ్మాయి అమెరికా నుంచి స్లో కుక్కర్ తెచ్చింది. ప్లగ్ మారిస్తే సరిపోతుందా?
– పాఠకురాలు, ప్రొద్దుటూరు

జ: సరిపోదు. అడుగున 120 వోల్టులని రాసి ఉంటే మన 230 వోల్టుల్లో పెట్టగానే మూడున్నర రెట్లకు పైగా పవర్ లాగి కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 250 వాట్ల కుక్కర్‌కు 500 వాట్లది తీసుకోండి, గంటల తరబడి నడవాలి కదా. అది కొనే ఖర్చు చూసుకుంటే ఇక్కడి కుక్కర్ కొనడమే నయమనిపించొచ్చు.

ప్ర: మధ్యాహ్నం కరెంటు పోతే?
– పాఠకుడు, గుంతకల్లు

జ: బటన్లున్న డిజిటల్ రకాల్లో చాలావాటికి కరెంటు తిరిగొచ్చినా వంట మళ్లీ మొదలవదు. నాబ్ తిప్పే రకం దానంతటదే అందుకుంటుంది. ఇంటికొచ్చేసరికి ఆగిపోయి ఉంటే, ఎంతసేపైందో తెలియకపోతే పారేయండి. మళ్లీ మరిగించినా కొన్ని క్రిములు వదిలిన విషం పోదు. కోతలున్న రోజుల్లో రాత్రి మీరు ఇంట్లో ఉండగా వండి, పొద్దున చీల్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ప్ర: స్లో కుక్కర్ లేదు. ప్రెషర్ కుక్కర్‌లో కుదురుతుందా?
– పాఠకురాలు, నంద్యాల

జ: బాగా కుదురుతుంది. పిడికిలంత ముక్కలు, కప్పు నీళ్లు, ఒక విజిల్ వచ్చాక సిమ్‌లో 45 నిమిషాలు. ఆవిరి దానంతటదే దిగనివ్వండి. తొందరపడి విజిల్ ఎత్తేస్తే లోపలి రసం ఒక్కసారిగా మరిగి పీచు పొడిబారుతుంది.